అద్దంలో ఎవరి బొట్టు?

ల్యాబులో ఏ వస్తువునైనా చూపించి "ఇది చచ్చిపోయింది మేడం" అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే ఊరుకోలేను. మొన్నామధ్య కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను పలకరించడానికి వచ్చి, మాటల మధ్యలో ఏదో యంత్రం గురించి సరిగ్గా ఆ మాటే అన్నారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, లేజరు పెట్టె సంగతి మొత్తం చెప్పాను. "ఇది రాయండి మేడం" అన్నారు. రాస్తున్నాను. ఇందులో నా తెలివి కోసం వెతక్కండి. నాకు దేవుడిచ్చింది మొండితనం, దానికి తోడు కాస్త నోరు. ఉద్యోగమంతా ఆ రెండింటితోనే నెట్టుకొచ్చాను.

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో ఒక ఆడపిల్లల కాలేజీలో నన్ను ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరుగా తీసుకున్నారు. మాది వెల్దుర్తి వైపు. నాన్న మిషను బడిలో పంతులు. నేను ఫిజిక్స్‌లో చేరినప్పుడు మా మేనత్త బుగ్గలు నొక్కుకుని, "ఏమే, అదేం చదువే? నర్సు ట్రైనింగుకు పోతే ఈపాటికి జీతం తెచ్చేదానివి గదా" అంది. ఉద్యోగం వచ్చాక అదే మేనత్త వాడంతా తిరిగి, మా కోడలు కరెంటు పాఠాలు చెబుతుందని చెప్పుకుంది. అది వేరే సంగతి.

మా డిపార్టుమెంటుకు ఉన్నవి రెండు గదులు. ఒకటి ల్యాబు. రెండోది చీకటి గది. కిటికీలకు నల్ల గుడ్డలు, మూడు గోడలకు నల్ల రంగు, నాలుగో గోడకు తెల్ల సున్నం. వెలుతురుకు సంబంధించిన ప్రాక్టికల్స్ అన్నీ అక్కడే చేయించాలి. ఆ గది లేకపోతే ప్రాక్టికల్స్ లేవు, ప్రాక్టికల్స్ లేకపోతే ఫిజిక్స్ గ్రూపే లేదు. నరసరావుపేట చుట్టుపక్కల ఆడపిల్లల్ని వేరే ఊరి కాలేజీకి పంపి ఫిజిక్స్ చదివించే తల్లిదండ్రులు అప్పట్లో ఎంతమంది ఉండేవారో నేను చెప్పక్కర్లేదు.

ఆ గది మీద మా కరస్పాండెంటు గారి కన్ను పడింది. ఆయనకు మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీ ఉండేది. చెడ్డవాడు కాదు. సొంత చేతుల మీద పైకొచ్చిన మనిషి, చదువంటే గౌరవమే. కాకపోతే ఆ చదువు కంటికి కనపడాలి, చేతికి అందాలి. జులైలో ఒకరోజు రౌండ్లకు వచ్చి, చీకటి గది తలుపు తీసి, లోపల అడుగు పెట్టకుండానే నిలబడ్డారు.

"ఏందమ్మా ఇది? పట్టపగలు గదిని చీకటి చేసుకొని కూర్చుంటారు?"

"చీకట్లో అయితేనే వెలుతురు గురించి నేర్చుకోగలరండీ" అన్నాను.

"టైపు నేర్చుకుంటే ఉద్యోగం వచ్చిద్ది. వెలుతురు నేర్చుకుంటే ఏమొచ్చిద్ది? దసరా సెలవుల్లో మేస్త్రీని పంపిస్తా. ఈ మజ్జె గోడ కొట్టించి, కిటికీలు పెద్దయి చేయించి, టైపు మిషన్లు పెట్టిద్దాం."

మా హెచ్చోడీ మేడం ఆయన వెనకాలే నిలబడి తలూపారు. ఆవిడ మంచి మనిషి. రిటైర్మెంటు దగ్గర పడింది, ఎవరితోనూ గొడవ వద్దనుకునేది. ఆయన వెళ్ళిపోయాక, "పోనీలేమ్మా, మనమేం చేస్తాం" అంది. ఆ "మనమేం చేస్తాం" నాకు కారం రాసినట్టు మండింది.

ఆ గది మూలలో గోనెపట్టా కప్పిన ఒక పెట్టె ఉండేది. దాని గురించి చేరిన రోజునే విన్నాను. నాకు ముందు ఆ ఉద్యోగంలో ఉన్న పెద్దాయన సొంతంగా తయారు చేసిన లేజరు పెట్టె అది. గ్రాంటు వస్తే బొంబాయి నుంచి లేజరు ట్యూబు తెప్పించాడట. మిగతాదంతా ఆయన చేతి పనే. చెక్కపెట్టె ఆయనే కొట్టాడు. పాత రేడియోల స్పీకర్లు రెండు తెచ్చి, వాటి మీద చిన్న చిన్న అద్దం ముక్కలు అతికించాడు. పాట పెడితే స్పీకరు కదులుతుంది, దానితో అద్దం కదులుతుంది, అద్దం మీద పడిన ఎర్రటి కిరణం గోడ మీద ముగ్గులు వేస్తుంది. అప్పట్లో కాలేజీ వార్షికోత్సవానికి సగం ఊరు వచ్చి చూసిందట. ఆయన వెళ్ళిపోయిన ఏడే అది వెలగడం మానేసింది.

"ట్యూబు చచ్చిపోయిందమ్మా. నేను కళ్ళారా చూశాను" అన్నారు హెచ్చోడీ మేడం.

కంటికి కనపడేదే నమ్మే కరస్పాండెంటు గారికి కంటికి కనపడేదే చూపించాలి. దసరా లోపు ఆ పెట్టెను లేపి తీరాలని ఆ రోజే అనుకున్నాను. పట్టా లాగేసరికి లోపల నుంచి ఎలుక ఒకటి నా చెప్పుల మీదుగా పరిగెత్తింది.

నాకు తోడుగా ఉన్నది మా అటెండరు. యాభై దాటిన మనిషి. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మగారూ అనేవాడు. పెట్టె తెరిచిన రోజు నుంచి ఆయన ముఖం ఏదోలా ఉంది. "ఎందుకమ్మగారూ దాని జోలికి పోవడం? పాతసామాన్ల వాడికి ఏస్తే పోద్ది గదా" అని రెండు మూడు సార్లు అన్నాడు. పని తప్పించుకోవడానికి అంటున్నాడనుకున్నాను.

మొదట ట్యూబుకు కరెంటే అందడం లేదు. పవర్ సప్లై విప్పితే రెసిస్టెన్సులు మాడి బొగ్గయి ఉన్నాయి. రేడియో రిపేరు షాపులో దొరికినవి దొరికినట్టు తెచ్చి, కలిపి కట్టాను. స్విచ్చి ఆపాను కదా అని కండెన్సరు మీద వేలు పెట్టాను. ఆపినా దాంట్లో కరెంటు నిలవ ఉంటుందని పిల్లలకు పాఠం చెప్పేది నేనే. ఎగిరి స్టూలు మీద నుంచి కింద పడ్డాను. బాబాయి పరిగెత్తుకొచ్చి నీళ్ళు తాగించాడు. చెయ్యి రెండు రోజులు తిమ్మిరిగానే ఉంది. మూడో రోజు మళ్ళీ స్టూలెక్కాను.

ట్యూబు వెలిగింది! గాజు గొట్టమంతా నారింజ రంగు వెలుగు నిండింది. నేనూ బాబాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత గోడ వైపు చూశాం. గోడ మీద ఏమీ లేదు. గొట్టం వెలుగుతోంది కానీ కిరణం బయటికి రావడం లేదు. హెచ్చోడీ మేడం వచ్చి చూసి, "అప్పుడూ ఇంతే. చెప్పాగా" అని జాలిగా వెళ్ళిపోయింది. నాకు వచ్చిన కోపానికి ఆ నల్ల గుడ్డలు చింపేయాలనిపించింది.

ఆ ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి వినుకొండ రైలెక్కాను. పెట్టె చేసిన పెద్దాయన అక్కడే ఉంటున్నాడని బాబాయి చెప్పాడు. కళ్ళకు శుక్లాలు, భుజం మీద తువ్వాలు, గుమ్మంలోనే ఆపేశాడు.

"ఏ కాలేజీ నుంచి?"

చెప్పాను.

"ఆ కాలేజీ పేరు మా ఇంట్లో ఎత్తమాకమ్మా. నేను చేసినదాన్ని తోలుబొమ్మలాట అన్నారు వాళ్ళు."

"ఇప్పుడు ఆ గదే పగలగొడతామంటున్నారండీ. అందుకే వచ్చాను."

ఆయన లోపలికి పోయి, ఇంకో కుర్చీ తానే మోసుకొచ్చి వేశాడు.

"వెలుగుద్దా?"

"గొట్టమంతా వెలుగుతుందండీ. కిరణమే రావట్లేదు."

"వెలిగేదాన్ని చచ్చిందంటారేందమ్మా? అది అలిగింది. దాన్ని బతిమాలుకోవాలిగానీ పాడె కడతారా? సరే, అద్దాలు చూశావా?"

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. గొట్టానికి రెండు చివర్లా, కాస్త ఎడంగా, రూపాయి బిళ్ళంత గుండ్రటి అద్దాలు రెండుంటాయి. వెలుగు ఆ రెండింటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ బలం తెచ్చుకుంటేనే కిరణమవుతుంది. వాటిలో ఒక్కటి చెడినా అంతే సంగతులు.

"చూశానండీ, బాగానే ఉన్నాయి" అన్నాను.

"ముందు నుంచి చూశావా, వెనక నుంచా?"

అద్దాల మెరిసే వైపు గొట్టం కేసి తిరిగి ఉంటుంది. నేను చూసింది వెనక వైపు.

"వీపు చూసి మొగం బాగుందంటావా నువ్వు? పెళ్ళిచూపులకు మాత్రం నిన్ను తీసుకెళ్ళకూడదు" అని నవ్వాడు. ఆ నవ్వుతో నాకు సగం బరువు దిగింది. అద్దాలు రెండూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు నిలిచేలా మరలు ఎలా తిప్పాలో, అట్టముక్కకు సన్నని చిల్లు పెట్టి అందులోంచి ఎలా చూడాలో, సాయంత్రం బండి వేళ దాకా కూర్చోబెట్టి చెప్పాడు. మజ్జిగన్నం పెట్టి పంపించాడు.

సోమవారం ఒక స్టూడెంటు దగ్గర చేతి అద్దం అడిగి తీసుకున్నాను. జేబురుమాలంత కూడా లేదు. గొట్టానికీ మొదటి అద్దానికీ మధ్య సందులో దాన్ని దూర్చి, టార్చి వేసి, వంగి చూశాను. గుండ్రటి అద్దం మెరుస్తూ కనపడింది. దాని మధ్యలో ఎర్రటి బొట్టు.

మొదట నాకేమీ అనిపించలేదు. అద్దంలో బొట్టు కనపడటం వింతేముంది? ఆడవాళ్ళం అద్దం చూసుకుంటే కనపడేదే కదా. టార్చి ఇంకాస్త దగ్గరగా పెట్టాను. అప్పుడు తట్టింది. మేము క్రైస్తవులం. నా నుదుట బొట్టుండదు.

మరి ఈ అద్దంలో ఉన్న బొట్టు ఎవరిది?

మా హెచ్చోడీ మేడం పావలా బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టేది. ఆవిడ ఈ సందులోకి తొంగి చూసి ఉంటే, తన బొట్టే తనకు కనపడిందనుకుని ఉంటుంది. ఆవిడ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. నాకు నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే ఆ చీకటి గదిలో స్టూలు మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వు విని బాబాయి వచ్చాడు. నా చేతిలో అద్దం, టార్చీ చూశాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నేనే అమ్మగారూ."

"ఎప్పుడు బాబాయ్?"

"పెద్దాయన ఎల్లిపోయిన ఏడు, ఆయుధపూజ నాడు. ల్యాబులో అన్నిటికీ పసుపూ కుంకం నేనేగా పెట్టేది. ఇది తెరిస్తే లోపల గుండ్రంగా, మెరుస్తా, మొగంలాగా కనపడింది. పెట్టె మీద పెడితే దేనికి పెట్టినట్టు? మొగాన పెడితేనేగా బొట్టు? ఏలు దూర్చి పెట్టా. ఆ తర్వాత ఎలగలా. నాకు భయమేసి ఎవరికీ చెప్పలా. ఉద్యోగం పోద్దేమోనని."

ఇన్నేళ్ళూ ఆ మనిషి ఆ గది ఊడుస్తూ, ఆ పెట్టె పక్కనే తిరుగుతూ, లోపల ఎంత కుమిలిపోయాడో. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ముఖాన పెడితేనే బొట్టు.

"ఈ సంగతి మన ఇద్దరికే తెలుసు. ఇక్కడే ఉంటుంది" అన్నాను. "లేచి స్పిరిట్ సీసా, దూదీ తీసుకురా."

అద్దం ఊడదీసి, పసుపు మరక పోయేదాకా తుడిచాను. ఊపిరి బిగబట్టి తుడిచాను, గీత పడితే అంతే. తుడిచి మళ్ళీ బిగించాక అసలు పని మొదలైంది. రెండు అద్దాలూ ఎదురెదురు నిలవాలి. మరను వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే మొదటికొస్తుంది. క్లాసులయ్యాక రోజూ ఆ గదిలోనే. ఉక్క. చెమట కళ్ళలోకి దిగేది. బాబాయి విసనకర్ర పట్టుకుని విసురుతుంటే, ఆ గాలికి అట్టముక్క కదులుతోందని కసిరేదాన్ని. ఆయన మొహం మాడ్చుకుని బయటికి పోయి, కాసేపటికి టీ పట్టుకుని వచ్చేవాడు. దసరా దగ్గర పడుతోంది. మేస్త్రీ ఒకసారి వచ్చి గోడ కొలతలు కూడా తీసుకుని పోయాడు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడితే, "కొలుచుకొనిపోతా లేమ్మా, కొట్టేది ఇయ్యాల కాదులే" అన్నాడు నవ్వుతూ.

ఒక సాయంత్రం నేను మర తిప్పుతున్నాను. బాబాయి గోడ దగ్గర ఉన్నాడు. "అమ్మగారూ!" అని కేకేశాడు. తలెత్తాను. తెల్ల గోడ మీద కందిగింజంత ఎర్రటి చుక్క. కదలకుండా, నదురూ బెదురూ లేకుండా నిలబడి ఉంది. నేను ఏడ్చేశాను. ఎందుకో చెప్పలేను. ఉద్యోగంలో తర్వాత చాలా మెప్పులు వచ్చాయి, దేనికీ అలా ఏడవలేదు.

సెలవులకు ముందు చివరి రోజు కాలేజీలో ఆయుధపూజ. కరస్పాండెంటు గారు పట్టుపంచె కట్టుకుని ప్రతి గదికీ వచ్చి కొబ్బరికాయ కొట్టేవారు. మా గదికి కూడా రమ్మని పిలిచాను. పిల్లలంతా గోడల పొడవునా కిక్కిరిసి నిలబడ్డారు. అనౌన్సుమెంటు చేయడానికని మైకు పెట్టించాను, దాన్నీ టేపురికార్డరునీ పెట్టెలోని అద్దాల స్పీకర్లకే కలిపాను. నల్ల గుడ్డలు దించాం. ఎర్ర చుక్క గోడ మీదికి వచ్చింది. టేపురికార్డరు నొక్కాను. పాట ఎత్తుకుంది, చుక్క సాగి సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది, పిల్లలు "ఓ" అన్నారు. అంతలో టేపు కీచుమని చుట్టుకుపోయింది. పాట ఆగింది. చుక్క మళ్ళీ చుక్కలాగే నిలబడిపోయింది.

చీకట్లో కరస్పాండెంటు గారి గొంతు వినపడింది.

"ఇంతేనా?"

ఆ మాటకు చుక్క ఒక్క ఎగురు ఎగిరి, గోడంతా గీతలు గీసి, మళ్ళీ దిగింది. ఆయన నిలబడింది సరిగ్గా మైకు ముందు.

"ఏందది?" అన్నారు. గోడ మళ్ళీ గీతలతో నిండింది. "నా మాటా అది?"

"మీ మాటేనండీ."

ఆయన దగ్గి చూశారు. ముద్దముద్దగా వచ్చింది. నవ్వి చూశారు. గొలుసులా వచ్చింది. తర్వాత ఏమనుకున్నారో, గుండెల నిండా గాలి పీల్చి, బండలు లాగేటప్పుడు క్వారీలో వేసే కేక వేశారు. "హైలెస్సా!" గోడ ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగా అల్లుకుపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు. కుర్రతనంలో ఆ బండలు తానే లాగిన మనిషి మరి.

గది దక్కిందనుకున్నాను.

"బెమ్మాండంగా ఉందమ్మా" అన్నారు ఆయన. "దీన్ని ఆఫీసు హాల్లోకి మార్పించు. వచ్చినోళ్ళకు చూపిద్దాం. ఎల్లుండి మేస్త్రీ వస్తాడు, ఈలోగా ఈ గది ఖాళీ చేయించు."

"కదిలిస్తే అద్దాలు కదులుతాయండీ. మళ్ళీ వెలగదు" అన్నాను.

"మళ్ళా సరిజెయ్."

"చెయ్యనండీ."

ఆయన చేతిలో కొబ్బరికాయ బల్ల మీద పెట్టారు.

"చేతగాకా, చెయ్యకా?"

"చేతనవుతుందండీ, కానీ చెయ్యను. ఆ హాల్లో ఇది బొమ్మ. ఈ గదిలో చదువు. బొమ్మ కోసం నేను మర తిప్పను."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉందన్న సంగతి అప్పుడు గమనించాను. ఆయన కోపం, నా పెడసరం రెండూ గోడ మీద ఎర్రగా పెనుగులాడుతున్నాయి. నా "చెయ్యను" ఆయన హైలెస్సా అంత పెద్దది కాకపోయినా, గోడ మీద బాగానే చోటు తీసుకుంది. పిల్లలందరూ చూశారు. హెచ్చోడీ మేడం నా చెయ్యి గిల్లింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మా బాబాయి కదిలొచ్చాడు. పసుపూ కుంకుమా ఉన్న పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

"అయ్యా, తప్పుగా అనుకోమాకండి. దీనికి పసుపూ కుంకం పెట్టి పూజ చేసింది ఈ గదిలోనే. పూజ చేసి నిలిపినదాన్ని ఆయుధపూజ నాడు పెకలిస్తారా అయ్యా?"

కరస్పాండెంటు గారు తటపటాయించారు. "బొట్టు పెట్టారా దీనికి?"

"ఎప్పుడో పెట్టామయ్యా."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు చర్చికి పోయేదానివి. నువ్వు చెప్పు. నిజమేనా?"

నేను ప్రమాణం చేసి మరీ చెప్పగలిగిన మాట అది.

"నిజమేనండీ. ఉన్న చోటు కూడా నాకు తెలుసు. నా కళ్ళతో అద్దంలో చూశాను."

బాబాయి పళ్ళెం వంక తల దించేశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. చీకటి కాబట్టి సరిపోయింది.

కరస్పాండెంటు గారు కాసేపు ఆ ఎర్ర చుక్కను చూశారు. తర్వాత కొబ్బరికాయ తీసుకుని గుమ్మం బయటికి నడిచి, అక్కడ కొట్టారు. "సైకిలు షెడ్డు పక్కన రేకులేయించి టైపు మిషన్లు అక్కడ పెట్టండి" అని ప్రిన్సిపాలుతో అనడం విన్నాను. నాతో మాత్రం చాలా కాలం మాట్లాడలేదు. ఆ సంవత్సరం ఇంక్రిమెంటు దగ్గర నన్ను ముప్పుతిప్పలు పెట్టారు కూడా. పెట్టనీ.

వినుకొండకు కార్డు ముక్క రాశాను: "అలక తీరింది." పెద్దాయన ఎవరిచేతో రాయించి జవాబు పంపాడు: "మొగం జాగ్రత్త."

జాగ్రత్తగానే చూసుకున్నాను. ప్రతి ఆయుధపూజకూ పెట్టె మూత నేనే గట్టిగా పట్టుకుని, పైన చెక్క మీద ఒక చోటు చూపించేదాన్ని. బాబాయి నవ్వుకుంటూ అక్కడ పెట్టేవాడు. ఆయన రిటైరైన తర్వాత వచ్చినవాళ్ళు ఎందుకో తెలియకుండానే అదే చోట పెడుతూ వచ్చారు. కుంకుమ పేరుకుని పేరుకుని అక్కడ బొడిపె కట్టింది.

ఆ గదిలో చదివిన పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో నేను ఏకరువు పెట్టను. నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పారు, మాటలు చెప్పారు, దండ వేశారు. అవన్నీ అయ్యాక ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పట్టపగలు. లోపల నా చెయ్యి నాకు కనపడనంత చీకటి.